మాతా శిశు ఆరోగ్య ఉపసంఘం వార్షిక నివేదిక, 2025

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మా పనిలో ఎక్కువ భాగం గర్భిణుల్లో కనిపించే గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ చుట్టూనే తిరిగింది. అందులో సగం పేరు తికమక తీర్చడానికే పోయింది. 2025 మొదట్లో పుణెలోనూ, తర్వాత గుంటూరులోనూ గులియన్ బారే సిండ్రోమ్ కేసులు బయటపడ్డప్పుడు తెలుగు పేపర్లు దాన్ని ‘జీబీఎస్’ అని రాశాయి. ఇక్కడ అమెరికాలో ప్రసూతి డాక్టరు ‘జీబీఎస్ పాజిటివ్’ అంటే అది కాదు. అది నరాల జబ్బు, ఇది పేగుల్లోనూ యోనిలోనూ ఉండే బ్యాక్టీరియా. ఇక్కడి గర్భిణుల్లో సుమారు నలుగురిలో ఒకరికి ఉంటుంది. సుఖవ్యాధి కాదు, శుభ్రత లోపమూ కాదు, తల్లికి మామూలుగా ఏ బాధా తెలియదు, కాన్పులో బిడ్డకు సోకితే మాత్రం ప్రమాదం. మేము పంచే సమాచార కార్డుల మీద ఇకనుంచి పూర్తి పేరే వేస్తున్నాం.

కార్డుల మాట వచ్చింది కాబట్టి మా పొరపాటూ చెప్పాలి. మొదటి విడతలో ఈ బ్యాక్టీరియా ఉందో లేదో చూసే పరీక్ష సమయం ‘35–37 వారాలు’ అని పాత లెక్క పడింది. 2019లోనే అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం దాన్ని 36 వారాలు నిండినప్పటి నుంచి 37 వారాల 6 రోజుల వరకు అని మార్చింది. ఫలితం అయిదు వారాలే చెల్లుతుంది. 35లో తీస్తే 40తో దాని పని అయిపోతుంది, డేటు దాటి కనేవాళ్ళకు అక్కరకు రాదు. 36లో తీస్తే 41 దాకా వస్తుంది.

పరీక్షకు వాడే స్వాబ్ (దూది పుల్ల) ఒక్కటే, చోట్లు రెండు: ముందు యోని ముఖద్వారం దగ్గర, తర్వాత అదే పుల్లతో మలద్వారం లోపల. సిగ్గుపడి రెండోది వద్దంటే పరీక్ష అరకొరే, ఎందుకంటే ఈ క్రిమి అసలు నివాసం పేగు. ల్యాబులో కూడా నేరుగా ప్లేటు మీద రుద్దితే చాలామందిలో దొరకదు. ముందు ప్రత్యేక ద్రావణంలో 18–24 గంటలు పెంచాలి.

పాజిటివ్ వస్తే వెంటనే మాత్రలు వేసుకోవాలా అన్న ప్రశ్నే ఫోన్ సభల్లో అందరికంటే ఎక్కువగా వచ్చింది. అక్కర్లేదు. ఇప్పుడు మాత్రలతో తగ్గినా కాన్పునాటికి పేగు నుంచి మళ్ళీ వచ్చేస్తుంది. మూత్రంలో కనిపిస్తే మాత్రం సంగతి వేరు: అది ఏ నెలలోనైనా సరే, స్వాబ్ లేకుండానే నొప్పుల్లో మందు ఇస్తారు. పూర్వం ఒక బిడ్డకు ఈ ఇన్‌ఫెక్షన్ వచ్చినవాళ్ళకూ అంతే.

మందు పెన్సిలిన్. నొప్పులు మొదలయ్యాక లేదా ఉమ్మనీరు పోయాక డ్రిప్‌లో 50 లక్షల యూనిట్లు, తర్వాత కాన్పయ్యేదాకా 4 గంటలకోసారి 25–30 లక్షలు. బిడ్డ బయటికి రావడానికి కనీసం 4 గంటల ముందు మొదటి డోసు పడాలి. రెండో కాన్పువాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. నొప్పులు బాగా ముదిరాక బయల్దేరితే డ్రిప్ పెట్టే వ్యవధే ఉండదు. ఆసుపత్రికి ఫోన్ చేసినప్పుడే ‘గ్రూప్ బి పాజిటివ్’ అని మొదటి మాటగా చెప్పండి. ఆలస్యమైనా మందు మానరు, బిడ్డను 36–48 గంటలు గమనిస్తారు. నొప్పులు రాకముందే, ఉమ్మనీటి సంచి పగలకముందే చేసే సిజేరియన్‌కు ఈ మందు అవసరం లేదు. స్వాబ్ మాత్రం తీయించుకోవాలి, నొప్పులు మనం రాయించుకున్న తేదీదాకా ఆగవు.

‘చిన్నప్పుడు పెన్సిలిన్ పడలేదట’ అన్న ఒక్క ముక్కతో మంచి మందు చేజారుతోంది. దద్దుర్లా, ఊపిరి ఆడలేదా, ముఖం వాచిందా అని అమ్మనో అత్తయ్యనో ఇప్పుడే అడిగి రాసుకోండి. చిన్న దద్దుర్లయితే బదులుగా సెఫాజొలిన్ అనే మందు ఇవ్వొచ్చు. పెద్ద అలెర్జీ అయితే ల్యాబు చీటీ మీద ఆ సంగతి రాయించాలి. అప్పుడే క్లిండమైసిన్ అనే మరో మందు ఈ క్రిమి మీద పనిచేస్తుందో లేదో చూస్తారు. చూడకుండా అది వాడటం కుదరదు.

కాన్పుకు పుట్టింటికి వెళ్ళేవాళ్ళకు ఒక మాట. ఆంధ్ర, తెలంగాణల్లో చాలా ఆసుపత్రుల్లో ఈ పరీక్ష రివాజు కాదు. బ్రిటన్‌లోనూ అందరికీ చేయరు. మూత్రం రిపోర్టు సహా కాగితాలు చేతి సంచిలో ఉంచుకోండి. ఫలితం తెలియనప్పుడు 37 వారాల లోపు నొప్పులు, ఉమ్మనీరు పోయి 18 గంటలు దాటడం, 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం, వీటిలో ఏ ఒక్కటున్నా డాక్టరుకు చెప్పాలి.

డ్రిప్ బిడ్డకు మొదటి వారంలో వచ్చే జబ్బునే ఆపుతుంది. ఏడో రోజు నుంచి మూడు నెలల దాకా వచ్చేదాన్ని ఆపదు. టీకా ఇంకా మార్కెట్లోకి రాలేదు. పాలు వదిలేయడం, ఒళ్ళు గుడ్డపేలికలా వేలాడటం, మూలుగుతూ ఊపిరి తీయడం, నిమిషానికి 60కి మించి శ్వాస, మాడు ఉబ్బడం, సన్నగా కీచుమనే ఏడుపు ఉంటే దిష్టి తీస్తూ కూర్చోకుండా ఎమర్జెన్సీకి వెళ్ళండి. జ్వరమే ఉండాలని లేదు, ఒళ్ళు చల్లబడినా ప్రమాదమే. తల్లిపాలు ఆపనక్కర్లేదు.

కార్డుల ఖర్చు కోశాధికారి లెక్కల్లో ఉంది. ‘35–37’ అని ఉన్న పాత కార్డు ఎవరింట్లోనైనా ఫ్రిజ్ మీద అంటించి ఉంటే చించేసి, సర్వసభ్య సమావేశంలో మా బల్ల దగ్గర కొత్తది తీసుకోండి.