బుజ్జికి నాన్న ఉత్తరం

చిరంజీవి బుజ్జికి,

నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. వానలు బాగానే పడుతున్నాయి, మహేంద్రతనయ నిండుగా పారుతోంది. మీ అమ్మ మోకాళ్లకు మందు రాసుకోమంటే వినదు. పెద్దబావ మళ్లీ కొత్త బండి కొన్నాడు, వాయిదాలు ఎవరు కడతారో చూడాలి.

రథయాత్రకు నువ్వు పెట్టిన మెసేజ్ అందింది. ‘జగన్నాథుని కరుణాకటాక్షాలు మన కుటుంబంపై సదా ప్రసరించాలి’ అట. ఒక్క తప్పు లేదు! ఒడియా మీడియంలో చదివి, తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాడివి, నీకు ఈ తెలుగు ఎప్పుడొచ్చిందిరా? పిన్ని కూతురు చూసి నవ్వింది, ‘ఇది ఏఐ రాసింది పెదనాన్నా’ అని. రాయించుకో, ఆఫీసు పనికైతే నేనేమీ అనను. కన్నవాళ్లతో మాట్లాడ్డానికీ గుమాస్తాను పెట్టుకున్నావా అనిపించింది, అంతే.

కొత్తవాటికి నేనెప్పుడూ అడ్డు చెప్పలేదు. టెలిఫోను ఎక్స్ఛేంజిలో, దూరం ఊళ్ల కాల్స్ చేత్తో కలిపే ట్రంకు బోర్డు దగ్గర కూర్చున్నవాణ్ని. ఎవరికి వాళ్లే నంబరు తిప్పుకునే ఎస్టీడీ వచ్చి ఆ బోర్డుకి పని లేకుండా చేసింది, డిపార్టుమెంటు మమ్మల్ని వేరే సీట్లలో సర్దింది. 2000లో ఆ డిపార్టుమెంటే బీఎస్‌ఎన్‌ఎల్ కంపెనీ అయింది. 2020 జనవరి ఆఖరున సుమారు 78 వేల మందిమి వీఆర్‌ఎస్ తీసుకుని ఒకేసారి బయటికొచ్చాం. ఆకలితో ఎవరం పడుకోలేదు. అన్నట్టు, మీ ఆఫీసులో టెస్టింగ్ వాళ్లను తీసేస్తున్నారని సూరిబాబు బరంపురంలో విని వచ్చాడు. నేను పట్టించుకోలేదులే.

కాశీనగరం నుంచి ఒకావిడ మా ఎక్స్ఛేంజికి వచ్చేది. కొడుకు సూరత్‌లో మగ్గాల మీద పని. వాడి పక్క కొట్టు నంబరుకి, మనిషిని పిలిపించి మాట్లాడించే పీపీ కాల్ బుక్ చేసి, బల్ల మీద అటుకులు తింటూ సాయంత్రం దాకా కూర్చునేది. లైను కలిస్తే ఆ అరుపులకి ఫోను లేకపోయినా సూరత్‌కి వినబడేదని మావాళ్లు నవ్వేవారు. ఒకసారి మధ్యాహ్నమే లైను దొరికింది, వాడు పిలవగానే వచ్చాడు. అంతా బాగానే ఉందమ్మా అన్నాడు. ‘పట్టపగలు పిలవగానే వచ్చీసావు, మిల్లుకెళ్లట్లేదేట్రా?’ అందావిడ. అవతల ఉలుకూ పలుకూ లేదు. మూడు నిమిషాలూ అయిపోయాయి. కొంగుముడి విప్పి చిల్లర బల్ల మీద పోసి, ఇంకో మూడు నిమిషాలు కలపమంది. కలిపాను. ‘టికెట్టుకి డబ్బులున్నాయా? వచ్చీ’ అంది. పని పోయి నెలయిందని వాడు అప్పుడు చెప్పాడు.

నీ దగ్గర నీలం టిక్కులు పడతాయి, ఫోను మాత్రం ఎత్తవు. ఎప్పుడు చేసినా మీటింగు. రాత్రి రెండింటికి లాస్ట్ సీన్ చూపిస్తోంది, నిద్ర మానేసి ఏం చేస్తున్నట్టు? టైముకి తిను. ఉద్యోగం ఇప్పిస్తామని ముందు డబ్బు అడిగేవాడికి రూపాయి పంపకు. లోన్ యాప్‌ల జోలికి అసలు పోకు. పోలీసునని వీడియో కాల్ చేసి బెదిరిస్తే పెట్టెయ్, డిజిటల్ అరెస్టనేది ఏ చట్టంలోనూ లేదు. మోసపోతే వెంటనే 1930కి చెయ్యాలి. ఇవన్నీ నీకు తెలుసు, అయినా చెబుతున్నాను.

ఫలక్‌నుమా పలాసలో ఆగుతుంది. ఏ వేళకి దిగినా బావ బండి తెస్తాడు, కొత్తదేగా. సెలవు దొరకదంటావా, సరే. మీ అమ్మ చోడిపిండి, ఆవకాయ కట్టి ఉంచింది. పాత రూము అడ్రసుకే పంపాలా, మారావా? అది మాత్రం మెసేజ్ పెట్టకు, ఫోన్ చేసి చెప్పు.

ఇట్లు,
నాన్న