శిక్ష వేయడానికి మాది సంస్థ, రిజిస్ట్రేషన్ అడిగితే మాత్రం ఇల్లు: మహిళా, శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

మహబూబ్‌నగర్ నుంచి నమస్కరించి రాస్తున్నాను. ఇళ్లలో పిల్లల్ని చూసుకునే మాలాంటివాళ్లకు రిజిస్ట్రేషన్ ఇవ్వండి అని ఇదివరకు ఇచ్చిన అర్జీలు మీ దాకా వచ్చి ఉండవు. సోమవారం ప్రజావాణిలో లైన్లో నిలబడి ఇచ్చినవాటికి రసీదులు నా దగ్గర ఉన్నాయి. తర్వాత ఫోనుకు ఒక మెసేజ్ కూడా వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడినది అని. ఎవరు పరిష్కరించారో, ఏం పరిష్కరించారో తెలిస్తే నేను కూడా సంతోషపడేదాన్ని. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

నేను మా ఇంట్లో పిల్లల్ని చూసుకుంటాను. పొద్దున ఏడున్నరకు తలుపు తీస్తే చివరి తల్లి వచ్చేదాకా మూయను. ఏడాది నిండిన పసివాళ్ల నుంచి మధ్యాహ్నం స్కూలు ఆటో దించిపోయే యూకేజీ పిల్లల దాకా ఉంటారు. దవాఖానాలో డ్యూటీ చేసే నర్సులు, పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీలకు షిఫ్టుకు పోయేవాళ్లు, దేవరకద్ర, కోయిలకొండ వైపు బడులకు బస్సెక్కే టీచర్లు, కాచిగూడ రైలు మీద ఆధారపడ్డవాళ్లు, వీళ్లే మా దగ్గరికి వచ్చే తల్లులు. ఒకప్పుడు పాలమూరు నుంచి వలస పోయినోళ్ల పిల్లలు ఊర్లో అవ్వ దగ్గర ఉండేవాళ్లు. ఇప్పుడు మక్తల్ నుంచో గద్వాల నుంచో ఉద్యోగానికి వచ్చి ఈ టౌనులో కిరాయికి ఉండే జంటకు ఇక్కడ అవ్వ లేదు. ఆ అవ్వ పనిని నెలకు మూడున్నర వేలకు నేను చేస్తున్నాను.

పనికి పోయే తల్లుల పిల్లల కోసం ప్రభుత్వం నడిపే క్రెష్‌ల పథకం పాల్నా గురించి మీకు చెప్పేదేముంది. నెలకు ఇరవై ఆరు రోజులు, రోజుకు ఏడున్నర గంటలు. కాగితం మీద బాగుంది. ఆసుపత్రిలో డ్యూటీ మార్పిడి అయ్యి, ఆటో దొరికి, ఇంటికొచ్చేసరికి ఏ నర్సుకైనా ఆ గంటలు దాటిపోతాయి. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టం మార్చి, యాభై మంది ఉద్యోగులున్న చోట క్రెష్ పెట్టాలన్నారు, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చన్నారు. మా దగ్గర చిన్న నర్సింగ్ హోమ్‌లో, బట్టల షాపులో, ప్రైవేటు బడిలో పనిచేసే ఆడవాళ్లకు ఆ యాభై లెక్క ఎక్కడ కుదురుతుంది? కుదరనివాళ్లందరూ మా గడపలోకే వస్తారు. మీ పథకానికి, ఆ చట్టానికి మధ్య మిగిలిపోయిన పిల్లల్ని మేం పెంచుతున్నామని చెప్పడానికే ఇదంతా. ఇక అసలు విషయానికి వస్తాను.

మా దగ్గరికి వచ్చే బాబు ఒకడు ఉండేవాడు. మూడేళ్లు కూడా నిండలేదు. పక్క పిల్లల్ని కొరికేవాడు. ఆ వయసులో చాలామంది చేసే పనే, మాటలు సరిగా రాని కోపం పళ్లలోకి వస్తుంది. చేర్చేరోజే వాళ్ల నాన్న నాతో అన్నమాట, "మేడం, మావాడు మొండోడు. రెండు తగిలియ్యిండ్రి, మేమేం అనుకోం." ఇలా అనేవాళ్లు ఈయన ఒక్కరే కాదు. సగం మంది చేర్చేటప్పుడు ఇదే అంటారు, అదేదో నా మీద నమ్మకం చూపించినట్టు. నేను కొట్టను. కొట్టనని చేర్చుకునేటప్పుడే చెప్తాను, వంద రూపాయల బాండు పేపరు మీద కూడా రాయించుకుంటాను. కొరికితే వాణ్ని నా పక్కనే చాప మీద రెండు నిమిషాలు కూర్చోబెట్టేదాన్ని. నేను కూరగాయలు తరుగుతుంటే నా పక్కన, పాలు కలుపుతుంటే నా పక్కన. నేను చేసిన శిక్ష అంతే, దాన్ని శిక్ష అనాలంటే.

ఒకరోజు వాడు ఒక పాప చేతిని కొరికాడు. పళ్ల అచ్చు పడింది. నేనే కడిగి, మందు రాసి, ఫోన్ చేసి చెప్పాను. సాయంత్రం ఆ పాప నాన్న వచ్చి అడిగిందేంటంటే, "వాణ్ని ఏం చేశారు?" చాప మీద కూర్చోబెట్టానన్నాను. "అంతేనా? నా ముందర కొట్టుండ్రి." నేను కొట్టనన్నాను. అయితే ఆ పిల్లాణ్ని తీసేయండి, లేకపోతే మీ మీద కేసు పెడతా, దెబ్బ మీ ఇంట్లో తగిలింది కదా అన్నారు. బాబు వాళ్లను పిలిచి, నెలలోపు ఇంకో చోటు చూసుకోండి అని మర్యాదగానే చెప్పాను. వాళ్లు అప్పటికే రెండు నెలల ఫీజు బాకీ. ఆ బాకీ సంగతి ఎత్తిన మర్నాడే నా మీద ఫిర్యాదు వెళ్లింది. ఏమని? పిల్లాణ్ని చీకటి గదిలో పెట్టి గడియ వేశానని, అన్నం పెట్టలేదని.

కొట్టండి అన్న నాన్నే, పిల్లాణ్ని హింసించానని రాసిన కాగితం కింద సంతకం పెట్టారు. కొట్టమని అడిగిన రెండో నాన్న, తన బిడ్డను నేను కాపాడలేదని స్టేషన్‌లో నా పక్కనే కూర్చున్నారు. రెండు కుటుంబాలూ ఒకరినొకరు పలకరించుకోలేదు గానీ నా విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట.

స్టేషన్ పేరు రాయను. అక్కడ నన్ను అడిగిన మొదటి ప్రశ్న లైసెన్సు ఉందా అని. చిన్న వ్యాపారాలకు ఇచ్చే ఉద్యం సర్టిఫికెట్ చూపించాను. ఇది లోనుకు పనికొచ్చేది, పిల్లల్ని పెట్టుకోవడానికి కాదన్నారు. బాండు పేపరు చూపించాను, పక్కన పెట్టేశారు. అప్పుడు జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ గురించి చెప్పారు. మీకు తెలిసిందే అయినా, తెలియని అక్కచెల్లెళ్ల కోసం రాస్తున్నాను. పిల్లల బాధ్యత చేతిలో ఉన్న మనిషి వాళ్లను కొట్టినా, హింసించినా, నిర్లక్ష్యం చేసినా మూడేళ్ల దాకా జైలు లేదా లక్ష రూపాయల జరిమానా, లేదంటే రెండూ. అదే మనిషి పిల్లల సంరక్షణ అప్పజెప్పిన సంస్థలో పనిచేస్తున్నా, ఆ సంస్థను నడుపుతున్నా ఐదేళ్ల దాకా కఠిన జైలు శిక్ష, ఐదు లక్షల దాకా జరిమానా. నాకు రెండోదే వర్తిస్తుందన్నారు. "మీరు సంస్థ నడుపుతున్నరు కదమ్మా."

మంత్రి గారూ, నేను సంస్థనని నాకు ఆరోజే తెలిసింది.

అంతకు ముందు నేను సంస్థను కాను. రిజిస్ట్రేషన్ కోసం మీ శాఖ మెట్లెక్కితే, అంగన్‌వాడీలు, హోమ్‌లు తప్ప ఇలాంటివి మా దగ్గరికి రావు, విద్యాశాఖను అడగండి అన్నారు. అక్కడికి పోతే, స్కూలు అయితే చెప్పండి, ఏడాది పిల్లలకు మేమేం గుర్తింపు ఇస్తాం అని నవ్వారు. మున్సిపాలిటీలో ఇల్లు కదా, ట్రేడ్ లైసెన్సు దేనికి అన్నారు. లేబర్ వాళ్లను అడిగితే నీ దగ్గర జీతగాళ్లెవరు అన్నారు. కరెంటు వాళ్లు మాత్రం ఆలస్యం చేయలేదు, వచ్చి చూసి కమర్షియల్ మీటరు పెట్టుకొమ్మన్నారు. బిల్లుకు దుకాణం, జైలుకు సంస్థ, కాగితం అడిగితే ఇల్లు. ఇందులో ఏది నిజమో మీరే తేల్చండి, ఏదైనా ఒప్పుకుంటాను.

స్టేషన్‌లో ఏం జరిగిందో కూడా చెప్తాను. కేసు కాలేదు. "ఎందుకమ్మా తలనొప్పి, రాజీ చేసుకోండి" అన్నారు. రాజీ అంటే, బాకీ ఫీజు నేను వదిలేయాలి, అడ్వాన్సు తిరిగివ్వాలి, పాపకు ఆసుపత్రి ఖర్చు ఇవ్వాలి. ఆ రాజీ కాగితంలో నేను ఆ పిల్లాణ్ని ఏమీ చేయలేదన్న మాట లేదు. చేశానన్న మాటా లేదు. సీసీ కెమెరా ఉంది, చూడండి అని మొదటే మొత్తుకున్నాను. కెమెరా రికార్డింగ్ ఉండే డబ్బా, డీవీఆర్, తీసుకుపోయారు. అందులో ఏముందో చూశారో లేదో చెప్పలేదు, డబ్బా ఇంకా తిరిగి రాలేదు. ఈలోగా కాలనీ వాట్సాప్ గ్రూపులో నా ఇంటి ఫొటో తిరిగింది, కింద రాసిన మాటలు ఇక్కడ రాయలేను. నలుగురు పిల్లలు మానేశారు. వాళ్ల తల్లులను తప్పు పట్టను. వాళ్ల స్థానంలో ఉంటే నేనూ భయపడేదాన్ని.

కెమెరా మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. కొందరు తల్లిదండ్రులు ఫోన్లో లైవ్ చూపించమంటారు. ఇంకొందరు, మా పాప బట్టలు మార్చుకుంటుంటే వేరేవాళ్లు చూడటమేంటి అంటారు. ఇద్దరిదీ న్యాయమే. ఈ రెండు న్యాయాల మధ్య నేనేం చేయాలో చెప్పే కాగితం ఎక్కడుంది? మా ఆయన పగలు ఇంట్లో ఉండటం మానేశారు. ఒక తండ్రి ఫీజు గొడవలో పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం, పేరెత్తాడు, అంతే, ఆ రోజు నుంచి సెలవైనా సరే ఆయన బయటే తిరిగి వస్తారు. సొంత ఇంట్లో.

ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి, లేకపోతే నన్ను తప్పుగా అనుకుంటారు. పిల్లల్ని కొట్టకూడదన్న చట్టంతో నాకు పేచీ లేదు. క్రమశిక్షణ కోసమైనా సరే కావాలని నొప్పి కలిగిస్తే అది శారీరక శిక్షేనని అదే చట్టం చెప్తుంది, బాగా చెప్పింది. డేకేర్‌ల పేరుతో పిల్లల్ని మంచాలకు కట్టేసేవాళ్లు, నిద్రమందు పోసేవాళ్లు ఉంటే వాళ్లను వదలొద్దు. నా బాధ వేరు. కొట్టకుండా ఏం చేయాలో ఎవరూ రాసివ్వలేదు. పక్కన కూర్చోబెట్టొచ్చా? ఎంతసేపు? బొమ్మ తీసేసుకోవచ్చా? ఇంకో బిడ్డను కొరుకుతుంటే చేయి గట్టిగా పట్టుకుని ఆపొచ్చా, ఆ పట్టుకున్న గుర్తు పడితే అది హింసా? గొంతు పెంచితే మానసిక హింసా? బడులకైతే కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు అని 2009 విద్యాహక్కు చట్టంలో 17వ సెక్షన్ ఉంది, అది ఆరేళ్లు దాటిన పిల్లలకు. ప్రైవేటు ప్లే స్కూళ్లకు జాతీయ బాలల హక్కుల కమిషన్ మార్గదర్శకాలు ఉన్నాయి, అవి మూడేళ్లు నిండినవాళ్లకు. కొరికే వయసు రెండు, రెండున్నర. ఆ వయసు పిల్లాడు మా ఇంట్లో ఉన్నాడు, మీ కాగితాల్లో లేడు.

తల్లిదండ్రులకు నా మీద కోపం వస్తే చైల్డ్‌లైన్ 1098 ఉంది, స్టేషన్ ఉంది, బాలల సంక్షేమ కమిటీ ఉంది, సేవలో లోపమని వినియోగదారుల కమిషన్ ఉంది. ఉండాల్సిందే. నాకు రావాల్సిన ఫీజు ఎగ్గొట్టి పైగా బెదిరిస్తే నేనెక్కడికి పోవాలి? వినియోగదారుల కమిషన్ నాది కాదు, నేను వినియోగదారును కాను. ఏడు వేల కోసం సివిల్ కోర్టుకు పొమ్మని వకీలు కూడా చెప్పలేదు, ఆయన ఫీజే అంతకన్నా ఎక్కువ. ఈ సంగతి బాకీ ఉన్నవాళ్లందరికీ తెలుసు. ఫీజు అడిగితే ఫిర్యాదు అన్నది ఇప్పుడు మా కాలనీల్లో ఒక పద్ధతి అయిపోయింది. నాకు తెలిసిన ఇద్దరు ఆడవాళ్లు ఈ టెన్షన్ పడలేక మూసేసి, ఒకరు కుట్టుమిషన్ పెట్టుకున్నారు, ఇంకొకరు కర్రీ పాయింట్ పెట్టుకున్నారు. చింతపండు పులుసు మీద ఎవరూ సెక్షన్ 75 పెట్టరు కదా.

నేను అడిగేది కొత్త పథకం కాదు, డబ్బు కాదు. ఇళ్లలో పిల్లల్ని చూసుకునేవాళ్లను మీ శాఖ రిజిస్టర్ చేసుకోవాలి. ఎంతమంది పిల్లల్ని పెట్టుకోవచ్చు, ఎన్ని గదులు, ఎవరి పోలీసు వెరిఫికేషన్ కావాలి అన్నది రాయండి, తట్టుకోలేనివాళ్లు మానుకుంటారు. ఏ వయసు పిల్లాణ్ని ఎలా అదుపు చేయాలో, ఎలా చేయకూడదో తెలుగులో రాసివ్వండి. అది తల్లిదండ్రులతో కూడా సంతకం పెట్టించండి, "రెండు తగిలియ్యిండ్రి" అనే నోళ్లు అప్పుడైనా మూతపడతాయి. గాయం ఉన్నా, ఒంటి మీద చేయి వేశారన్న ఆరోపణ ఉన్నా వెంటనే పోలీసులే రావాలి, దానికి అడ్డం రాను. మిగతావాటికి మొదట మీ బాలల పరిరక్షణ అధికారో, అంగన్‌వాడీలను చూసుకునే ఐసీడీఎస్ సూపర్‌వైజరో ఇంటికి వచ్చి చూసి, కెమెరా చూసి, నాలుగు ముక్కలు రాయాలి. నిజమైతే కేసు పెట్టండి. అబద్ధమైతే అబద్ధమని కూడా రాయండి. రాజీ అనే పేరుతో నా బాకీ మాఫీ చేసే పని మాత్రం స్టేషన్‌ది కాదని ఎవరైనా వాళ్లకు చెప్పాలి. రిజిస్ట్రేషన్ ఇవ్వండి అని మళ్లీ అడుగుతున్నాను, ఇంతకుముందు అర్జీల్లో కూడా మొదటి లైను అదే.

మీ అధికారులను ఎప్పుడైనా మా ఇంటికి పంపండి. ముందు చెప్పకుండానే పంపండి. మధ్యాహ్నం పన్నెండున్నర తర్వాత వస్తే మంచిది, పిల్లలు పడుకుని ఉంటారు, మాట్లాడుకోవచ్చు. వంటగది చూసుకోనివ్వండి, గడియలు చూసుకోనివ్వండి, చీకటి గది ఎక్కడుందో వెతుక్కోనివ్వండి. వచ్చేటప్పుడు రిజిస్ట్రేషన్ ఫారం ఒకటి తెమ్మనండి. అలాంటి ఫారం లేకపోతే, లేదన్న సంగతే మీ లెటర్‌హెడ్ మీద రాసి ముద్ర వేసి పంపండి. ఈసారి స్టేషన్‌లో లైసెన్సు ఉందా అని అడిగితే అదే చూపిస్తాను.

ఇట్లు,
ఇంట్లో పిల్లల్ని చూసుకునే ఒక మహిళ,
మహబూబ్‌నగర్.