వలందుల ఓడ చూసొచ్చాను

ఒరే శీనూ,

ఎలా ఉన్నావురా? అమ్మగారి మోకాలి నొప్పి తగ్గిందా? మేం ఓడెక్కి వారమైంది. ఇవాళ పడమటి ఆస్ట్రేలియాలో ఫ్రీమాంటిల్ రేవులో ఆగింది. అందరూ బస్సెక్కి పెర్త్ చూడ్డానికి పోయారు, మీ చెల్లెలు కూడా. నేను మాత్రం నడుచుకుంటూ, మునిగిపోయిన ఓడల మ్యూజియానికి వెళ్లాను.

లోపల బటావియా అనే ఓడ ఉంది. వెనక భాగంలో ఎడమ పక్క మాత్రమే మిగిలింది. నల్లబడ్డ దూలాలు తలెత్తి చూడాల్సినంత ఎత్తున వంపు తిరిగి ఉన్నాయి. ఎవరిదో తెలుసా? మన వలందులదిరా, అదే డచ్చివాళ్లది! మన ఊళ్లో వలందపాలెం మీదుగా అన్నేళ్లు సైకిళ్లు తొక్కాం, ఆ పేరెలా వచ్చిందని ఎవర్నీ అడగలేదు. 1600ల మొదట్లో బందర్లో దిగి మన గుడ్డలు కొనుక్కుపోయిన డచ్చి కంపెనీదే ఈ ఓడ. నాకైతే కాసేపు కాళ్లు కదల్లేదు.

1628లో హాలండ్ నుంచి బయల్దేరి, ఇప్పటి జకార్తాకు పోతూ, 1629 జూన్ 4న ఈ పడమటి తీరానికి ఎదురుగా ఉన్న అబ్రోలాస్ దీవుల దగ్గర దిబ్బకు కొట్టుకుంది. కమాండర్ పెల్సార్ట్ అంతకుముందు ఆగ్రాలో ఇదే కంపెనీ పని చూసినవాడు. బతికినవాళ్లను దీవుల మీద వదిలి, సాయం తేవడానికి పడవలో జకార్తా వెళ్లాడు. అతను తిరిగొచ్చేలోగా కొర్నెలిస్ అనే కంపెనీ ఉద్యోగి ముఠా కట్టి వందమందికి పైగా చంపించాడు. ఆడవాళ్లను, పసిపిల్లలను కూడా వదల్లేదురా. చదువుతుంటే కడుపులో తిప్పింది.

వీబె హేస్ అని ఒక మామూలు సిపాయి. నీళ్లు వెతకమని కొర్నెలిస్ అతన్నీ మరికొందర్నీ ఇంకో దీవి మీద దింపించి వదిలేశాడు. అతనికి నీళ్లూ దొరికాయి, తిండీ దొరికింది. ముఠా మీదికొస్తే దొరికినవాటితోనే ఆయుధాలు చేసుకుని, తనవాళ్లతో కలిసి తిప్పికొట్టాడు. వాళ్లు పేర్చిన రాతిగోడ ఆ దీవిలో ఇప్పటికీ ఉంది. అతని కథ దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డాను.

ఇంకో సంగతి. ఓడ తూలకుండా అడుగున వేసిన బరువు ఏమిటనుకున్నావు? జకార్తా కోట కోసం చెక్కించిన 137 రాళ్లు! 1963లో ఓడ జాడ తెలిశాక వాటిని పైకి తీసి పేరిస్తే సింహద్వారమైంది. అసలు రాళ్లు జెరాల్డ్‌టన్ మ్యూజియంలో ఉన్నాయి, ఇక్కడున్నది నమూనా. ఏ కోట కోసం చెక్కారో ఆ కోటను చూడని ద్వారం.

మన ఊళ్లో డచ్చివాళ్ల సమాధులున్నాయి కదా, ఈ ఆదివారం వెళ్లి రాళ్ల మీది అక్షరాలు కనబడేలా ఫొటోలు తీసి పంపు. 1629కి దగ్గరి సంవత్సరం ఏదైనా కనిపిస్తే వెంటనే ఫోన్ చెయ్యి, ఏ వేళైనా సరే.

నీ
రాంబాబు