వార్షిక నివేదిక: నిర్మాణ స్థలాల్లో వాననీటి తనిఖీలు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం శిక్షణ అంతా వాననీటి తనిఖీల మీదే, అంటే నిర్మాణ స్థలం నుంచి వాననీటితో మట్టి బయటికి కొట్టుకుపోతోందా అని చూడటం మీదే సాగింది. అమెరికాలోని మసాచుసెట్స్, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రాల్లో ఎకరం, అంతకు మించి నేల తవ్వే పనులకు ఈపీఏ (అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ) 2022 నిర్మాణ పర్మిట్ వర్తిస్తుంది. ఎకరం లోపు ప్లాటయినా పెద్ద లేఅవుట్‌లో భాగమైతే పర్మిట్ తప్పదు. దీని గడువు 2027 ఫిబ్రవరి 16తో ముగుస్తుంది.

తనిఖీకి రెండు పద్ధతులున్నాయి. ఒకటి, 7 రోజులకోసారి చూడటం. రెండోది, 14 రోజులకోసారి చూస్తూ, 24 గంటల్లో పావు అంగుళం వాన పడిన ప్రతిసారీ ఆపై 24 గంటల్లోపు మళ్లీ వెళ్లడం. చిన్న చిన్న జల్లులు కలిసి పావు అంగుళమైనా లెక్కే. రెండోది ఎంచుకుంటే సైట్‌లో రెయిన్ గేజ్ (వాన కొలిచే పరికరం) పెట్టి రోజూ రాసుకోవాలి, లేదా దగ్గరి వాతావరణ కేంద్రం లెక్క తీసుకోవాలి. తిరుగుడు తగ్గుతుందని కొందరు 14 రోజులు ఎంచుకుని, ఒక్క రాత్రి వాన లెక్కలోకి రాక ఉల్లంఘనలో పడతారు. చిన్న సైట్లకు 7 రోజుల పద్ధతే మేలని మా గట్టి అభిప్రాయం. నీరు చేరే వాగో చెరువో ఇప్పటికే మట్టితో చెడిందని నమోదై ఉంటే ఈ ఎంపికే లేదు: 7 రోజులకోసారీ వెళ్లాలి, వాన తర్వాతా వెళ్లాలి.

ఎక్కువగా విఫలమయ్యేది సిల్ట్ ఫెన్స్, అంటే మట్టి కొట్టుకుపోకుండా గుంజలకు గుడ్డ కట్టి వేసే కంచె. గుడ్డ అడుగు అంచును 6 అంగుళాల లోతు గాడిలో పాతి, మట్టి పోసి గట్టిగా దిమ్మిస కొట్టాలి. గుడ్డను నేల మీద పరిచి పైన మట్టి కప్పితే మొదటి వానకే నీరు కిందినుంచి దూరిపోతుంది. గుంజలు పల్లం వైపు, గుడ్డ ఎగువ వైపు ఉండాలి. రెండు కొసలూ మెరకకు వంచకపోతే నీరు పక్కనుంచి జారుకుంటుంది. నీరు కాలువకట్టి పారే చోట ఫెన్స్ అసలు నిలవదు. కంచె ముందు పేరిన మట్టి దాని ఎత్తులో సగానికి చేరకముందే తీసేయాలి.

టైర్లతో రోడ్డెక్కిన మట్టిని ఆ రోజు పని ముగిసేలోపు ఊడ్చి ఎత్తాలి. గొట్టంతో కడిగి కాలువలోకి తోయకూడదు.

లోపం కనబడితే వెంటనే చేయి వేయాలి. చిన్న మరమ్మతుకు గడువు మర్నాటి పనిదినం ముగిసేవరకు. కొత్తది కట్టాల్సినా, పెద్ద మరమ్మతు అయినా 7 రోజులు. ఒకే చోట అదే మరమ్మతు మూడోసారి వచ్చిందంటే అక్కడ పెట్టిన ఏర్పాటే సరిపోలేదని అర్థం, దాన్ని మార్చండి.

తనిఖీ ముగిసిన 24 గంటల్లో నివేదిక రాసి సంతకం చేయాలి. పర్మిట్ కవరేజీ ముగిశాక కూడా మూడేళ్లు ఆ కాగితాలు దాచాలి. ఖాళీ గడులు వదలకండి. "అంతా బాగుంది" అని ఒక్క ముక్క రాసి ఊరుకోకుండా, సైట్ నుంచి నీరు బయటికి పోయే ఏ చోట నిలబడి చూశారో, నీరు ఏ రంగులో ఉందో రాయండి.

వచ్చే ఏడాది శిక్షణలో ఫెన్స్ గాడి తవ్వడం నేలమీదే చేసి చూపిస్తాం. బూట్లు, టేపు తెచ్చుకోండి.