రాబందులను జత కలిపే ముందు డీఎన్‌ఏ చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

డీఎన్‌ఏ పరీక్ష అనగానే హత్య కేసు, లేదంటే బిడ్డకు తండ్రెవరో తేలని కోర్టు గొడవ, మన పేపర్లలో ఎక్కువగా ఇవే వస్తాయి. రాబందుల గురించి కూడా రాయండని ఈ ఉత్తరం.

బైరి డేగల్లో ఆడది మగదానికన్నా బాగా పెద్దది, పెరిగాక కంటికే తెలుస్తుంది. రాబందుల్లో ఆడా మగా ఒకేలా ఉంటాయి. పైగా ఏడాదికి ఒక్కటే గుడ్డు, ఈడుకు రావడానికి ఐదేళ్ల దాకా పడుతుంది, కాబట్టి రెండు ఆడవాటినో రెండు మగవాటినో జత అనుకుని పెంపకం కేంద్రంలో ఒకే ఎన్‌క్లోజర్‌లో పెడితే ఏళ్లే పోతాయి. పశువులకు వాడిన డైక్లోఫినాక్ అనే నొప్పి మందు, వాటి కళేబరాలు తిన్న రాబందుల ఒంట్లోకి చేరడం వల్ల మన దేశంలో తెల్లవీపు రాబందులు 99 శాతానికి పైగా పోయాయి, 2006లో పశువైద్యంలో ఆ మందు ఆపే నాటికే ఆలస్యమైపోయింది. ఇక వృథా చేసుకోవడానికి మన దగ్గర ఏళ్లు లేవు.

ఆడపక్షికి జెడ్, డబ్ల్యూ అని రెండు రకాల క్రోమోజోములు, మగదానికి రెండూ జెడ్‌లే. రెండింటి మీదా ఉండే ఒక జన్యువు ముక్కకు ల్యాబ్‌లో బోలెడు నకళ్లు తీసి చూస్తే మామూలుగా మగదానికి ఒక గీత, ఆడదానికి రెండు గీతలు కనిపిస్తాయి. పక్షిని పట్టుకుని ఇబ్బంది పెట్టక్కర్లేకుండా రాబందుల్లో ఆడామగా తేల్చే పద్ధతిని 2007లో మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలే ప్రచురించారు. అక్కడే లాల్జీ సింగ్ గారు కట్లపాము జాతి డీఎన్‌ఏ ముక్కతో మన దేశపు డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ మొదలుపెట్టారు, ఆ పాముల్లో కూడా ఆడదే జెడ్-డబ్ల్యూ అని తెలిసినప్పుడు నాకైతే ఒళ్లు జలదరించింది.

ఇక తల్లిదండ్రుల సంగతి. బ్రిటన్‌లో కొందరు అడవి గూళ్ల నుంచి డేగ పిల్లల్ని ఎత్తుకొచ్చి, మా దగ్గరే పుట్టాయని రిజిస్టర్ చేయించుకునేవారు. 1990ల్లో పిల్ల రక్తాన్ని, వాళ్లు తల్లిదండ్రులని చూపించిన పక్షుల రక్తంతో పోల్చేసరికి అబద్ధం బయటపడి శిక్షలు పడ్డాయి. మనకు ఇంకో అవసరం కూడా ఉంది, కేంద్రాల్లో ఉన్నవి కొన్నే పక్షులు, ఏది ఎవరి పిల్లో తెలియకపోతే అన్నాచెల్లెళ్లనే జత కలిపేస్తాం.

నెహ్రూ జూ పార్కులో రాబందుల పెంపకం ఉంది. అక్కడ ప్రతి పక్షికీ డీఎన్‌ఏ రికార్డు ఉందా, పుట్టిన ప్రతి పిల్లకూ చేస్తున్నారా, మీ విలేకరిని పంపి అడిగించండి. అక్రమంగా పెంచుతూ దొరికిన డేగలకూ గద్దలకూ, వదిలేసే ముందు శాంపిల్ తీస్తున్నారేమో అటవీశాఖను కూడా అడగండి.

ఇట్లు
మీ పాఠకుడు, హైదరాబాద్