బడి కబురు: వార్షికోత్సవం గురించి, ఆ బుర్రకథ గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

వార్షికోత్సవం మర్నాటి నుంచి ఆఫీసు ఫోన్ మోగుతూనే ఉంది. క్లాసుల వాట్సాప్ గ్రూపుల్లో ఏం నడుస్తోందో కూడా నాదాకా వచ్చింది. బుర్రకథకు ఇరవై నిమిషాలు అనుకున్నాం, అది గంట దాటింది, దాంతో చివర్లో ఉండాల్సిన మూడు సినిమా పాటల డాన్సులు ఎగిరిపోయాయి. డ్రెస్సులు అద్దెకు తెచ్చామని, పిల్లలు ఏడ్చారని, దీనికి ఎవరు జవాబు చెప్తారని అడుగుతున్నారు. నేనే చెప్తాను. కథను మధ్యలో ఆపొద్దని స్టేజీ పక్కనున్న టీచర్లతో అన్నది నేనే, మళ్ళీ అలాంటి సందర్భం వస్తే మళ్ళీ అదే అంటాను. ఆ మూడు డాన్సులూ వచ్చే శనివారం మధ్యాహ్నం బడి ఆవరణలోనే పెడుతున్నాం. అద్దె డ్రెస్సులు అక్కర్లేదు, యూనిఫాంలో కూడా కాళ్ళు ఆడతాయి.

మామూలు విషయాలు గబగబా: ఎఫ్ఏ-4 పరీక్షలు 17వ తేదీ నుంచి, టైంటేబుల్ డైరీలో అంటించాం, ఫీజు బాకీ ఉన్నవాళ్ళు దయచేసి కట్టండి, రఘునాథపల్లి బస్సు సోమవారం నుంచి పది నిమిషాలు ముందు బయల్దేరుతుంది, ఆఫీసులో పోగుపడ్డ నీళ్ళ సీసాలు, స్వెటర్లు ఎవరివో వచ్చి తీసుకెళ్ళండి.

ఇక అసలు సంగతి. ఫోన్లు పైకెత్తి పట్టుకున్నవాళ్ళ వెనక ఇరుక్కున్నవాళ్ళకు స్టేజీ మీద ఏం జరిగిందో సరిగా కనపడి ఉండదు. మన ఏడో తరగతి అమ్మాయి (పేరు రాయొద్దని తనే అడిగింది) వాళ్ళింట్లో బుర్రకథ తరాలుగా వస్తోంది. తాత కథకుడు, నానమ్మ, నాన్న వంతలు, అంటే పక్కన నిలబడి పాట అందుకునేవాళ్ళు. నాన్న ఆటో నడుపుతాడు. వంతలు వాయించే డోలు, గుమ్మెట, ముట్టుకుని ఏళ్ళయిందట, కూతురు పట్టుబడితే అటక మీది నుంచి దించాడు. తాత ఇప్పటికీ తంబుర భుజాన వేసుకుని నిలబడగలడు గానీ వేళ్ళు బిగుసుకుపోయి అందెలు పలకడం లేదు. అందుకని అందెలు మనవరాలికిచ్చారు. లోపల గుండ్లు గలగలలాడే ఆ ఉంగరాలు పెద్దమనిషి వేళ్ళకు చేసినవి, ఆ పిల్ల వేళ్ళకు జారిపోతుంటే నానమ్మ పాత చీర పీలిక చుట్టి బిగించింది. తెర వెనక నేను పక్కనే నిలబడి చూశాను, స్టేజీ ఎక్కే ముందు ఆమె ఆ ముడిని మూడుసార్లు లాగి చూసుకుంది.

కథ సర్వాయి పాపన్నది. తాత చరణం ఎత్తుకోవడం, 'తందాన తాన' అని తల్లీకొడుకులు అందుకోవడం, పిల్ల అందెలు కొడుతూ ముందుకూ వెనక్కీ అడుగులేయడం. కోట ముట్టడి దగ్గరికి వచ్చేసరికి తాతకు ఊపిరి అందక చరణం సగంలో తెగిపోయింది. ఆ అమ్మాయి తడుముకోలేదు, మిగతా సగం అదే శ్రుతిలో అందుకుంది. ఇది రిహార్సల్లో అనుకున్నది కాదండీ, చేతిలో కాగితం కూడా లేదు. అక్కడి నుంచి కథ చాలావరకు తనే నడిపింది, తాత తంబుర మీటుతూ వంత పాడాడు. మూడో తరగతి చదివే తమ్ముడు సమయం చూసుకుని 'భళా' అంటూ నిలబడ్డాడు, ఒక్కటీ తప్పుగా పడలేదు. (లెక్కల్లో మాత్రం అంత కచ్చితంగా ఉండడని వాళ్ళ టీచర్ అన్నారు, అది వేరే విషయం.) ఇరవై నిమిషాలు కాగానే మైక్ కట్ చేసి ఉండాల్సిందని రాసిన పెద్దమనిషి, ఆ పిల్ల గొంతు ఎత్తుకున్న ఆ నిమిషంలో ఎక్కడున్నారో నాకు తెలియదు.

బుర్రకథలో ఒక వంత రాజకీయం చెప్తే ఇంకో వంత హాస్యం చెప్తారు. మన నానమ్మది హాస్యం. యుద్ధం మధ్యలో ఆపి, "ఏంది కొడకా, ఈ ఊళ్ళె మనుషులకు మొహాలు లేవా, అందరి మెడల మీద అద్దాలే ఉన్నయ్" అన్నది చూడండి, సగం మంది పడిపడి నవ్వారు. మిగతా సగం మంది వీడియో తీసే హడావిడిలో ఉన్నారు.

నేను చరిత్ర చెప్పే టీచర్ని, ఈ విషయంలో నన్ను ఆపడం కష్టం. పాపన్న మన జనగామ జిల్లా మనిషి, ఖిలాషాపూర్‌లో కోట కట్టుకున్నవాడు, 1708లో ముహర్రం రోజుల్లో వరంగల్ మీద పడ్డవాడు, 1710లో మొగలుల చేతికి చిక్కి ప్రాణం పోగొట్టుకున్నవాడు. మొగలుల కాలపు చరిత్రకారుడు ఖాఫీఖాన్ రాతల్లో ఇతను దోపిడీదొంగ. కల్లు గీసే ఇంట్లో పుట్టి సర్కారును ఎదిరించిన వీరుడిగా ఇతన్ని మూడు వందల ఏళ్ళు నిలబెట్టింది మాత్రం కథ చెప్పేవాళ్ళ నోళ్ళే. వాళ్ళకు తాళపత్రాలు లేవు, గ్రంథాలయాలు లేవు. రాత్రిపూట తాత పాడుతుంటే పక్కన పడుకున్న పిల్లలు సగం నిద్రలో విన్నారు, అంతే వాళ్ళ పాఠశాల. ఒక్క తరం వాళ్ళు వినడం మానేసి ఉంటే మనకు ఖాఫీఖాన్ మాటొక్కటే మిగిలేది. దీన్ని నేను సిలబస్‌లో ఎక్కడ పెట్టను? అందుకే స్టేజీ మీద పెట్టాను.

ఒక గ్రూపులో ఎవరో "అడుక్కునేవాళ్ళ పాటలు బడిలో ఎందుకు" అని రాశారు. ఆ మెసేజ్ తర్వాత తీసేశారు, సంతోషం, కానీ ఆ అమ్మాయి అప్పటికే చదివింది. పంటలు ఇంటికొచ్చే రోజుల్లో ఊరూరా తిరిగి రాత్రంతా కథ చెప్పి వడ్లు తీసుకెళ్ళేవాళ్ళు, అది చేసిన పనికి కూలి. ఇదే బుర్రకథ చెప్పిన షేక్ నాజర్ గారికి 1986లో పద్మశ్రీ ఇచ్చారు. 2023లో 'బలగం' సినిమా చివర్లో మన వరంగల్ వైపు మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడితే ఊరి మధ్యలో తెర కట్టుకుని చూసి ఏడ్చింది మనమే కదా? 2024 డిసెంబరులో మొగిలయ్య గారు పోతే స్టేటస్‌లు పెట్టింది కూడా మనమే. తెర మీద పాడితే కళ, మీ పిల్లల పక్క బెంచీలో కూర్చునే అమ్మాయి పాడితే అడుక్కోవడమా?

ఇంకో మాట, మర్యాదగానే చెప్తున్నాను. సంక్రాంతి సెలవులకు ఆరు, ఏడు తరగతులకు ఒక పని ఇచ్చాం: ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర ఒక పాట విని రాసుకు రమ్మన్నాం. నాట్ల పాటో, ఇసుర్రాయి పాటో, జోలపాటో, ఏదైనా సరే. తెచ్చినవాటిలో సగానికి పైగా ఒకే యూట్యూబ్ వీడియోలోవి. ఒక బాబు పాట అయిపోయాక "మా ఛానెల్‌ని సబ్‌స్క్రైబ్ చేసుకోండి" అని కూడా గుండ్రటి అక్షరాలతో రాసుకొచ్చాడు. వాడిని ఏమనను? అమ్మా, నాన్నా, మీరు బిజీ, ఒప్పుకుంటాను. కానీ వాళ్ళ నానమ్మ అదే ఇంట్లో, పక్క గదిలో ఉంటుందని ఆ పిల్లాడే చెప్పాడు. పది నిమిషాలు ఆవిడ మంచం మీద కూర్చోబెడితే సరిపోయేది. అన్నం తినేటప్పుడు పిల్లాడి చేతిలో ఫోన్ పెట్టి, రాత్రి పదకొండింటికి హోంవర్క్ ఫోటో పంపించి, పొద్దున్నే "మా వాడికి క్లాసులో ధ్యాస ఉండట్లేదు మేడం" అంటే నా దగ్గర మందు లేదండీ.

అలాగని అందరూ ఒకటే అనను. ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు బుర్రకథ విన్న మర్నాడే చార్టు మీద ఖిలాషాపూర్, తాటికొండ, భువనగిరి, వరంగల్ గుర్తులు పెట్టి, కథలో విన్నది ఒక గడిలో, పుస్తకంలో దొరికింది ఇంకో గడిలో రాసుకొచ్చాడు. రెండూ కలవని చోట ఎర్ర పెన్నుతో ప్రశ్నార్థకం పెట్టాడు. నాకు అన్నిటికంటే నచ్చింది ఆ ఎర్ర గుర్తులే. ఆరో తరగతి అమ్మాయి ఒకతి అమ్మమ్మ పాడిన బతుకమ్మ పాట పద్దెనిమిది చరణాలు రాసింది, అమ్మమ్మకు గుర్తురాని చోట గీత గీసి వదిలేసింది, సొంతంగా ఏదీ కల్పించలేదు. ఎంత నిజాయితీ! ఆ నోటుబుక్కు నా బల్ల మీదే ఉంది, వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నాను. ఆ గీతలున్న చోటు తమకు తెలుసని ఇప్పటికే ఒక ఆయమ్మ పాడి వినిపించింది, రెండు చరణాలు పూర్తయ్యాయి.

శనివారం డాన్సులు మూడు గంటలకు. అవి అయ్యాక ఆ తాత, నానమ్మ మళ్ళీ వస్తారు, ఆ రోజు టైం చాలక మిగిలిపోయిన భువనగిరి ఘట్టం చెప్తారు. ఈసారి గడియారం చూడను. మీ ఇళ్ళలో పాటలొచ్చిన పెద్దవాళ్ళుంటే గురువారంలోగా క్లాస్ టీచర్‌కి చెప్పండి, నడవలేనివాళ్ళుంటే బడి వ్యాన్ పంపిస్తాం. పెద్దవాళ్ళకు ముందు వరుసలో కుర్చీలు వేస్తాం, మీరు వెనక. టీ, బిస్కెట్లు ఉంటాయి. ఫోన్లు గేటు దగ్గర బుట్టలో పెట్టాలి, వాచ్‌మన్‌తో వాదించకండి, నేను చెప్పిందే ఆయన చేస్తాడు.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు