వార్షిక నివేదిక: ఎనిమోన్ తొట్టెకు ఎంత వెలుతురు?

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం పని చాలావరకు ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది: ఎనిమోన్ (రాయికో ఇసుకకో అంటుకుని బతికే మెత్తని సముద్ర జీవి) ఉన్న ఉప్పునీటి అక్వేరియంకు ఏ లైటు పెట్టాలి? దుకాణంలో అడిగితే వాట్లలో జవాబు వస్తుంది. వాట్లు కరెంటు బిల్లు లెక్కకు పనికొస్తాయి, ఎనిమోన్‌కు కాదు. దాని ఒంట్లో కాపురముండే జూజాంథెల్లే అనే సూక్ష్మ నాచు వెలుతురుతో తిండి తయారుచేసి దానికి పెడుతుంది. కాబట్టి చూడాల్సింది అది కూర్చున్న చోటికి దిగే కాంతి, అంటే పార్ విలువ (నాచు తిండి తయారీకి పనికొచ్చే కాంతి కొలత).

బబుల్ టిప్ అనే రకం ఎనిమోన్‌కు 100 నుంచి 200 పార్ చాలు. కార్పెట్ రకాలకు 200 నుంచి 300 కావాలి. చిక్కేమిటంటే, కార్పెట్ రకాల్లో ఒకటైన హడ్డోని ఇసుకలోనే పాదం పాతుకుంటుంది, అంటే వెలుతురు అతి తక్కువగా ఉండే అడుగున. 2 అడుగుల లోతు తొట్టెకు కాంతిని 120 డిగ్రీల వెడల్పున పరిచే లెన్సున్న ఎల్ఈడీ కొంటే పై రాళ్లు మెరుస్తాయి, ఇసుక మీద రీడింగ్ పడిపోతుంది. అక్కడ 60 లేదా 90 డిగ్రీలది మేలు. అడుగున్నర లోపు తొట్టెలో ఇరుకు లెన్సు ఒకేచోట కాంతిని గుచ్చుతుంది. 120 డిగ్రీలదే పెట్టుకోండి.

పార్ మీటరుతో కొలిచేటప్పుడు దాని సెన్సరు పైకి చూస్తూ నిటారుగా ఉండాలి. అలలకు అంకెలు ఎగిరిపడతాయి కనుక రెండు నిమిషాలు పంపులు ఆపండి. ఇసుక మీద జానెడుకొక చోట, ఆపై రాళ్ల మీద రాసుకోండి. ఫోన్ లక్స్ యాప్‌ను నమ్మొద్దు, అది మనిషి కంటికి తగ్గట్టు లెక్కేస్తుంది. నీలి కాంతిని దాదాపు పట్టించుకోదు.

ఎక్కువ నష్టం జరిగేది కొత్త లైటు పెట్టిన మొదటి వారంలోనే. లైటు పూర్తి బలంలో 30 శాతంతో మొదలుపెట్టి వారానికి 5 నుంచి 10 శాతం పెంచండి. రోజుకు 8 నుంచి 10 గంటలు చాలు. నీలం ఎక్కువ, తెలుపు తక్కువ. తెలుపు పెంచితే ముందు పెరిగేది గాజు మీది నాచే. ఎనిమోన్ ముడుచుకుని రాతి నీడకు పాకితే కాంతి ఎక్కువైనట్టు. ఒళ్లు సాగదీసి పైకెక్కితే చాలనట్టు, అయితే నీటి ప్రవాహం నచ్చకపోయినా నడుస్తుంది, అదీ చూసుకోండి. నడిచే రోజుల్లో పంపు మూతికి స్పాంజి కట్టకపోతే ముక్కలవుతుంది. తెల్లబడిపోయిందా, అంటే ఒంట్లోని నాచు పోయిందా, లైటు పెంచడం మందు కాదు. వారానికి రెండుసార్లు బఠాణీ గింజంత పచ్చి రొయ్య ముక్క పెట్టండి. ముదురు పసుపు, గులాబీ రంగుల్లో అమ్మేవి చాలావరకు రంగు వేసిన తెల్లబడ్డ జీవాలే, కొనకండి.

మన ఊరి సంగతులు కొన్ని. మెటల్ హాలైడ్ దీపాల వెలుతురు బాగుంటుంది కానీ విశాఖ మే నెలలో నీటిని కాచేస్తుంది, నీటిని చల్లబరిచే యంత్రం (చిల్లర్) ఆగకుండా తిరగాలి. బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో ఉప్పుగాలికి లైటు ఫ్యాను తుప్పు పడుతుంది. వేడెక్కి ఎల్ఈడీలు ముందే మసకబారతాయి. లైటు కింద అడ్డుపెట్టిన అక్రిలిక్ పలక మీది ఉప్పు పొరను వారానికోసారి ఆర్ఓ నీళ్లు తడిపిన గుడ్డతో తుడవాలి. కరెంటు పోతే ఇన్వర్టరు మీద పంపు నడవాలి, లైటు కాదు. చవక టైమర్లు కరెంటు వచ్చాక గడియారం మరిచిపోయి అర్ధరాత్రి పూర్తి తెలుపుతో వెలుగుతాయి. బ్యాటరీ ఉన్నది కొనండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్) తప్పనిసరి.

రాతి పగడాల లైటింగ్ గురించి అడుగుతూనే ఉన్నారు. అవి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే గట్టి రక్షణ ఉన్న జీవుల జాబితాలో ఉన్నాయి. సంఘం సలహా ఇవ్వదు.

వచ్చే ఏడాది కూడా సంఘం పార్ మీటరు సభ్యులకు వంతులవారీగా ఇస్తాం. తిరిగి ఇచ్చే ముందు సెన్సరును మంచినీటితో కడిగి ఆరబెట్టండి. ఉప్పు ఎండి తెల్లగా పట్టిన సెన్సరు తక్కువ చూపిస్తుంది, ఆ అంకె నమ్మి తర్వాతి సభ్యుడు లైటు పెంచేస్తాడు.